మా ఇంట్లో రద్దు కౌంటర్ లేదు

ఎనిమిదో తరగతికి నేను తెలుగు చెప్తాను. మొన్నొక రోజు పాఠం చివర పదాల పట్టికలో ‘రద్దు చేయు’ వచ్చింది. అర్థం చెప్పి సొంత వాక్యాలు రాయమన్నాను. క్లాసులో సగానికి పైగా వాన వల్ల ఆటల పీరియడ్ రద్దు చేశారు. కొందరు ఏకంగా సంవత్సరాంత పరీక్షలే రద్దు చేశారు. అది వాక్యం కాదు, కోరిక. మిగిలినవాళ్లు పక్కవాళ్ల నోట్‌బుక్కు చూసి రాశారు.

సరే, రద్దుకూ ఉపసంహరణకూ తేడా తెలియాలి కదా అని బోర్డు దగ్గరికి పోయాను. రద్దు చేయాలంటే చేసేవాళ్లకు అధికారం ఉండాలి. బస్సును డిపోవాళ్లు రద్దు చేస్తారు, దాని కోసం గంట నుంచి నిలబడ్డవాడు చేయలేడు. ఉపసంహరించుకోవడం వేరు. తను చేసినదాన్ని తనే తీసేసుకోవడం అది. ఎన్నికల్లో నామినేషన్ వేసి, బతిమాలించుకుని, ఆఖరి రోజు విరమించుకుంటారే, అలాగ. మన వరంగల్‌లో అంత పొడుగు మాటకు ఓపిక లేక వాపస్ తీస్కునుడు అంటాం. ఇంత వివరంగా చెప్పి చేతికంటిన సుద్ద దులుపుకుంటుంటే వెనక బెంచీల్లోంచి ఎవరో అడిగారు.

“మేడం, మీరు ఎప్పుడన్న ఏదన్న వాపస్ తీస్కున్నరా?”

“ఒక్కసారి. గది సిలబస్‌ల లేదు. పుస్తకాలు మూయిండ్రి.”

క్లాసంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. వాళ్లకు చెప్పనిది ఇక్కడ చెప్తున్నాను.

మా డాడీ కాజీపేట స్టేషన్లో రిజర్వేషన్ క్లర్కు. ముప్పై ఏళ్లు అదే కిటికీ వెనక కూర్చున్నాడు. ఆ కిటికీ దగ్గర ఇచ్చే ఫారం మీరూ చూసే ఉంటారు. టికెట్ తీసుకోవడానికీ అదే కాగితం, తీసుకున్న టికెట్ రద్దు చేసుకోవడానికీ అదే కాగితం. పైన రెండు మాటలూ అచ్చేసి ఉంటాయి, రిజర్వేషన్ అనీ రద్దు అనీ. మనకు అక్కర్లేనిదాన్ని గీత పెట్టి కొట్టేయాలి. ఎవరు కొట్టేస్తారండీ! పేరు, వయసు రాసి కిటికీలోకి తోసేస్తారు. మిగతా క్లర్కులు చూసీచూడనట్టు పోయేవారు. మా డాడీ మాత్రం కాగితాన్ని మళ్లీ బయటికే తోసేవాడు.

“ఏదో ఒకటి కొట్టెయ్యమ్మా. నువ్వు పోతానవో ఉంటానవో నాకెట్ల తెలుస్తది?”

వెనక లైను మొత్తం ఆయన్ని తిట్టుకునేది. ఇంకో అలవాటు కూడా ఉండేది. రద్దుకు వచ్చినవాళ్లను కళ్లద్దాల పైనుంచి చూసి “కారణం?” అని అడిగేవాడు. ఆ ఫారంలో కారణం అనే గడే లేదు. ఎవరూ చెప్పాల్సిన పనీ లేదు. అయినా రైల్వే మనిషి అడిగాడంటే జనం భయపడి చెప్పేసేవాళ్లు. కాలు బెణికింది, పెళ్లి వాయిదా పడింది, చెల్లెలు పిలవలేదు, పిలిచింది కానీ సరిగా పిలవలేదు. సాయంత్రం చాయ్ తాగుతూ ఆ కారణాలన్నీ మాకు అప్పజెప్పేవాడు. “ఇయ్యాల క్యాన్సలేషన్లు మస్తు. అందుల మూడు అల్లుండ్ల అలకలు” అని లెక్క కూడా చెప్పేవాడు. నేనూ అమ్మా పడీ పడీ నవ్వేవాళ్లం.

పొద్దంతా ఊరందరి ప్రయాణాలూ రద్దు చేసే మనిషి, ఇంటికొస్తే ఒక్క నిర్ణయం రద్దు చేసేవాడు కాదు. అదేంటని అమ్మ అడిగితే “మనింట్ల ఆ కౌంటర్ లేదు” అనేవాడు. ఒకసారి చర్చిలో ఆరాధన అయ్యాక ధర్మసాగర్ చెరువు దగ్గరికి పోయి అక్కడే అన్నం తిందామన్నాడు. ఆదివారం తెల్లారకముందే వాన మొదలైంది. ఇంకొకరైతే మానేస్తారు. మేము పోయాం. కట్ట మీద మేం ముగ్గురం, రెండు గొడుగులు, ఒక టిఫిన్ క్యారియర్. పులిహోరలో వాన పడి అది జావైంది. “మంచిగున్నది గద?” అంటాడు డాడీ, మీసాల మీంచి నీళ్లు కారుతుంటే. అమ్మ కొంగు పిండుకుంటూ “మస్తున్నది. ఉప్పు కొట్టుకపొయింది గంతే” అన్నది.

ఆ ఇంట్లో పుట్టి నేను వేరేలా ఎలా తయారవుతాను? నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పదకొండేళ్లప్పుడు ఒక రాత్రి అన్నం దగ్గర పెరుగు వద్దన్నాను. వేసుకోవాల్సిందే అన్నాడు డాడీ. కంచం తోసేసి “ఇగ నేను జన్మల పెరుగు ముట్ట” అన్నాను. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. కళ్లద్దాల పైనుంచి చూసి “డిసిషనేనా?” అన్నాడు. “ఆ” అన్నాను. “సరే” అన్నాడు. అంతే. ఆనాటి నుంచి ఇప్పటిదాకా పెరుగు ముట్టలేదు. మజ్జిగ కూడా లేదు. వరంగల్ ఎండాకాలం మజ్జిగ లేకుండా గడపడమంటే ఏమిటో గడిపినవాళ్లకే తెలుస్తుంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు పెరుగంటే ఇష్టం. తోడేసిన గిన్నె మీద మూత తీస్తే ఆ వాసనకు ఇప్పటికీ నోరూరుతుంది.

ఇద్దరు మొండిఘటాల మధ్య అమ్మ ఎలా నెగ్గుకొచ్చిందో తలుచుకుంటే ఆశ్చర్యం. ఆమె ఏ రోజూ దేన్నీ రద్దు చేయమని అడగలేదు. “పోదాం లే గని, జర ఆగు” అనేది. ఆ ‘జర’ ఒక్కోసారి రెండేళ్లు నడిచేది. ఈలోగా డాడీ నిర్ణయం దానంతటదే పాతబడి, ఎవరి పరువూ పోకుండా పక్కకు పోయేది.

అమ్మ పోయి ఐదేళ్లయింది. డాడీ అంతకు కొంచెం ముందే రిటైరయ్యాడు. కాజీపేటలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద డాడీ, పైన నేనూ, లోకో షెడ్డులో పనిచేసే మా ఆయనా. పొద్దున ఆరింటికి డాడీ స్నానం చేస్తూ కీర్తన ఎత్తుకునేవాడు. చర్చి పాటల బృందంలో ఆయనది బేస్, అన్నిటికన్నా కింది స్థాయి గొంతు. బాత్రూంలో మాత్రం ఆడ గొంతులూ ఆయనవే, మగ గొంతులూ ఆయనవే. ఆ పాట మెట్లెక్కి వచ్చి నన్ను లేపేది. నేను పైనుంచి “డాడీ, జర మెల్లగ!” అని అరిచేదాన్ని. ఆయన ఇంకా గట్టిగా రెండో చరణం అందుకునేవాడు. రోజూ మాకు అలాగే తెల్లారేది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో కూర్చుని పెద్దవాళ్లకు రైలు ఫారాలు నింపిపెట్టేవాడు. ఇప్పుడంతా ఫోన్లోనే అయిపోతున్నా, ఫోన్ అంటే బెదిరేవాళ్లు మా సంఘంలో ఇంకా చాలామందే ఉన్నారు. అలా వచ్చిందొకావిడ. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మట్టెవాడలో ఒక్కతే ఉంటుంది, భర్త పోయి పదేళ్లు దాటింది. పాటల బృందంలో డాడీకి ముందు వరుసలో నిలబడుతుంది. నేను ఆంటీ అని పిలిచేదాన్ని, ఎప్పుడైనా ఎదురుపడితే.

గత ఏడాది వానాకాలంలో ఒక శనివారం మధ్యాహ్నం, బగారన్నం, కోడికూర తింటుండగా డాడీ గొంతు సవరించుకున్నాడు.

“బిడ్డా, నేనొక డిసిషన్ తీస్కున్న. గా సిస్టరమ్మను పెండ్లి చేస్కుంట.”

మా ఆయన ముద్ద నోట్లోనే ఆగిపోయింది. డాడీ మాత్రం కౌంటర్లో రైలు వేళలు చెప్పినట్టు చెప్పుకుపోయాడు. ఆమె ఒకనాడు విశాఖ టికెట్ రద్దు చేయాలని ఫారం తెచ్చిందట. సముద్రం చూడాలని తీసుకున్న టికెట్ అది. అలవాటు కొద్దీ కారణం అడిగాడట. “ఒక్కదాన్ని పోబుద్ధి అయితలేదు” అన్నదట ఆమె.

“ముప్పై ఏండ్ల సర్వీసుల శానా కారణాలు ఇన్న బిడ్డా. గా కారణం ఎవ్వలు చెప్పలే” అన్నాడు డాడీ. “ఆ దినం ఇంటికొచ్చి ఒక్కన్నే అన్నం తింటాంటె గదే యాదికొచ్చింది.”

ఆ మాట బరువు ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. ఆ రోజు తెలియలేదు. నాకు వినిపించింది ఒక్కటే, మా అమ్మ గిన్నెల్లో ఇంకెవరో వండుతారని. అమ్మ స్టీలు గ్లాసు, మీద చిన్న పువ్వు చెక్కింది, ఇప్పటికీ కింది వంటింట్లో బోర్లించి ఉంటుంది. ఆ గ్లాసు ఎవరో పట్టుకున్నట్టు కనబడి ఒళ్లు మండిపోయింది.

“నేనొప్పుకోను. ఆమె ఈ ఇంట్ల అడుగు పెడ్తే నేను ఉండ” అన్నాను.

“డిసిషనేనా?” అన్నాడు డాడీ.

“ఆ. డిసిషనే.”

అక్కడితో ఆగితే బాగుండేది. నా నోరు ఆగుతుందా! మర్నాడు ఆదివారం, ఆరాధన అయి అందరూ వరండాలో చెప్పులు వెతుక్కుంటుంటే ఆమె కనబడింది. పోయి ఎదురుగా నిలబడ్డాను. “మా డాడీకి బిడ్డ ఉన్నది. ఇంకెవ్వరి ఆసర అవసరం లేదు. మా ఇంటి దిక్కు సూడకుండ్రి” అన్నాను. క్లాసులో వెనక బెంచీకి వినబడాలని అలవాటైన గొంతు నాది. సంఘమంతా విన్నది.  ఆమె పాటల పుస్తకం సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున డాడీ చాయ్ గ్లాసు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“క్యాన్సల్ చేసిన బిడ్డా.”

“ఏంది?”

“గదే. అయ్యగారికి చెప్పిన, ఆమెకు చెప్పిన. ఇగ నువ్వు ఫికర్ పడకు. చాయ్‌ల శక్కర తక్కువైనట్టుంది, సూడు.”

అయ్యగారంటే మా పాస్టరు గారు. వానలో పులిహోర తినిపించిన మనిషి, జీవితంలో మొదటిసారి ఒక నిర్ణయం రద్దు చేసుకుని, వెంటనే చక్కెర గురించి మాట్లాడుతున్నాడు. నేను గెలిచానని సంబరపడ్డాను. అబద్ధం ఎందుకు, ఆ రోజు బడిలో పిల్లలకు ఇంటిపని కూడా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి కింద బాత్రూంలో నీళ్ల చప్పుడు మాత్రమే వినబడింది. జలుబేమో అనుకున్నాను. ఆ మర్నాడూ అంతే. ఆదివారం పాటల బృందంలో లేడు, మామూలు బెంచీలో నా పక్కనే కూర్చున్నాడు. అడిగితే “గొంతు నొస్తాంది” అన్నాడు. ఫారాలు నింపడమూ మానేశాడు. నా మీద కోపం లేదు, అలక లేదు. కూర బాగుందనేవాడు, మా ఆయనతో క్రికెట్ చూసేవాడు. వారం రోజులు హాయిగా నిద్రపోయాను. మూడో వారానికి ఆరింటికి నాకే మెలకువ వచ్చేసేది. మంచం మీద పడుకుని మగ్గుతో నీళ్లు పోసుకునే చప్పుడు వింటూ ఉండేదాన్ని. ఇప్పుడు మొదలెడతాడు, ఇప్పుడు మొదలెడతాడు అనుకునేలోగా నల్లా కట్టేసేవాడు.

మా ఆయనకు అర్థమైంది. “టీచరమ్మా, వాపస్ తీస్కోరాదా?” అన్నాడు.

“తీస్కోను. నేను ఒక్కసారంటే అన్నట్టే. పెరుగు సంగతి ఎరుకే గద నీకు.”

“పెరుగు తింటవో తినవో నీ ఇష్టం. గది నీ నోరు. ఇది మీ డాడీ బతుకు” అన్నాడు. ఎప్పుడూ నాకు ఎదురు చెప్పని మనిషి. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. 

నవంబరులో పింఛనుదార్లు తాము బతికే ఉన్నామని కాగితం ఇవ్వాలి. డాడీ కింద నుంచి కేకేసి, తన గదిలో సొరుగులోంచి పింఛను పుస్తకం తీసివ్వమన్నాడు. తీస్తుంటే దాని కింద ఒక రిజర్వేషన్ ఫారం కనబడింది. డాడీ గుండ్రటి అక్షరాలు. కాజీపేట నుంచి విశాఖపట్నం. ప్రయాణికులు ఇద్దరు. మొదటి వరుసలో ఆయన పేరు, రెండో వరుసలో ఆంటీ పేరు. ఆమెకు కింది బెర్తు కావాలని కూడా రాసి ఉంది. అన్ని గడులూ నింపి ఉన్నాయి. పైన చూశాను. రిజర్వేషన్, రద్దు, రెండు మాటలూ అలాగే ఉన్నాయి. దేన్నీ కొట్టేయలేదు.

ముప్పై ఏళ్లు అలాంటి ఫారం ఒక్కటి తీసుకోని మనిషి. ఆ కాగితం పట్టుకుని ఆయన మంచం మీదే కూర్చున్నాను. క్యాన్సల్ చేశానని నాకు చెప్పాడు, అయ్యగారికి చెప్పాడు, ఆమెకు చెప్పాడు. కాగితానికి మాత్రం చెప్పలేకపోయాడు.

పింఛను పుస్తకం పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. “డాడీ, గా పెండ్లి సంగతి...” అన్నాను. ఆయన తలెత్తాడు. వాపస్ తీసుకుంటున్నాననే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. “నీ ఇష్టం” అన్నాను.

“నీ ఇష్టం అంటే?”

“నీ ఇష్టం అంటే నీ ఇష్టమే.”

ఆయన నా మొహం చూసి నవ్వాడు. “అట్లయితె వద్దులే బిడ్డా.”

ఆయన తప్పేం లేదు. మన ఇళ్లలో ‘నీ ఇష్టం’ అని మూతి ముడిచి అంటే దానర్థం ‘చేశావో చూడు’ అనేగా. తెలుగు పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియదా! తెలిసే అన్నాను. వద్దన్న మాట వెనక్కి తీసుకోకుండా పని జరిగిపోవాలని ఆశపడ్డాను. అది అమ్మకు తెలిసిన విద్య, నాకు రాలేదు.

ఇక లాభం లేదని శనివారం బడి అయ్యాక ఆటో ఎక్కి మట్టెవాడ పోయాను. ఆంటీ తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి రమ్మన్నది. కూర్చోగానే ఏమీ అడక్కుండా నా చేతికి బీపీ పట్టీ చుట్టింది.

“నూట యాభై. ఏం చేసొచ్చినవ్ బిడ్డా?”

“ఏం చెయ్యలే ఆంటీ. చెయ్యనీకి వచ్చిన.”

ఆమె నవ్వి పట్టీ విప్పింది. అప్పుడు చెప్పాను, నేనన్నది తప్పని, అమ్మ గ్లాసు గుర్తొచ్చి అలా అన్నానని, డాడీ పాడటం లేదని. చెప్తూ ఏడ్చేశాను. ఆమె నా కళ్లు తుడుచుకోనిచ్చి, చాయ్ ఇచ్చి, తర్వాత మాట్లాడింది.

“మీ అమ్మ గిలాస మీ అమ్మదే. నాకు నా గిలాస ఉన్నది, తెచ్చుకుంట. కని ఒక ముచ్చట. నువ్వు నన్ను వద్దన్నది వరండాల, అందరి ముందట. వాపస్ తీస్కునుడు మా వంటింట్ల తీస్కుంటవా?”

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

“అయ్యగారికి చెప్పి ప్రకటన చదివించు. మూడు ఆదివారాలుంటయ్. అందుల నీకు ఎన్నడు ధైర్యమొస్తే ఆ దినం నోరు తెరిచి చెప్పు. నువ్వు చెప్పకుంటె మీ డాడీ చేస్కోడు. మూడోది దాటినంక ఇగ నేను కూడ అడుగ” అన్నది.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వరుసగా ప్రకటన చదువుతారు. ఫలానా వాళ్లు, ఫలానా వాళ్లను పెళ్లి చేసుకోబోతున్నారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలపండి అని. చదివి ఒక క్షణం ఆగుతారు. నా చిన్నప్పటి నుంచి ఆ క్షణంలో ఎవరూ లేచింది లేదు. అయినా ఎవరైనా లేస్తారేమోనని అందరూ ఊపిరి బిగబట్టి వెనక్కి చూస్తారు.

అయ్యగారితో నేనే మాట్లాడి వచ్చి డాడీకి చెప్పాను.  “చదవనియ్” అన్నాడు. “మూడోది అయితేనే చార్టు తయారైనట్టు. అప్పటిదాక నువ్వు ఎప్పుడన్న ఆపొచ్చు.” ఆపనని చెప్పాల్సింది. తల ఊపి పైకి వచ్చేశాను.

మొదటి ఆదివారం చెప్దామనుకునేలోగా ఆ క్షణం దాటి కీర్తన మొదలైపోయింది. రెండో ఆదివారం తయారై కూర్చున్నాను, కానీ ఆ క్షణంలో దగ్గొచ్చింది. దగ్గానంతే, సంఘమంతా నా వైపు తిరిగింది. వరండాలో నా ప్రసంగం అందరికీ గుర్తుంది మరి. నేను తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. మా ఆయన చెవిలో “ఇంకొక్కటే ఉన్నది టీచరమ్మా” అన్నాడు.

మూడో ఆదివారం ఉదయం నేను రాసుకుని, అద్దం ముందు చదువుకుని మరీ పోయాను. అయ్యగారు “ఇది మూడవ ప్రకటన” అన్నారు. పేర్లు చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు తెలపండి అన్నారు. ఆగారు.

నేను లేచి నిలబడ్డాను.

ఎప్పుడు నిలబడకూడదో సరిగ్గా అప్పుడు నిలబడ్డానని నిలబడ్డాక తెలిసింది. ఆ క్షణంలో లేచినవాళ్లు ఎవరైనా పెళ్లి ఆపడానికి లేచినవాళ్లే.  పాటల బృందంలో ఆంటీ చేతిలోని పుస్తకం మూసింది. నా పక్కన డాడీ మెల్లగా కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కౌంటర్ మూసేటప్పుడు అలాగే తీసి పెట్టుకునేవాడు.

“అమ్మా, అభ్యంతరం ఏదైన ఉంటె కాగితం మీద రాసి...” అన్నారు అయ్యగారు, చెమట తుడుచుకుంటూ.

రాసుకున్నదంతా మరిచిపోయాను. భయంలో నా నోటికి పుస్తకం భాష వస్తుంది. “నేను గతంలో వ్యక్తపరచిన నిర్ణయాన్ని ఈ సంఘం సమక్షంలో ఉపసంహరించుకుంటున్నాను” అన్నాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందు బెంచీలో ఒక పెద్దావిడ పక్కామెను “ఏమంటాంది?” అని అడిగింది. “ఏమనుడేంది, పెండ్లి ఆపుతాంది” అన్నది ఆమె.

“అయ్యో, కాదు!” అని అరిచాను. ఇక పుస్తకం భాష ఎటు పోయిందో. “ఆపుతలేను! నేనే తప్పు మాట్లాడిన. ఆంటీని గా వరండాల అందరి ముందట అనరాని మాటన్న. గా మాట వాపస్ తీస్కుంటాన. ఆంటీ, మా ఇంటికి రా. డాడీ, నువ్వు పెండ్లి చేస్కో!”

ముందు ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు, ఆరాధనలో కొట్టకూడదని అయ్యగారు చెయ్యి ఎత్తుతున్నా. ఆయన చదువుతున్న కాగితం చూసుకుని “అభ్యంతరాలు... లేవు” అన్నారు. ఆంటీ ఏడుస్తూ పుస్తకం తెరిచింది, తలకిందులుగా. నేను కూర్చున్నాను. డాడీ నా వైపు చూడలేదు. నా చెయ్యి మాత్రం పట్టుకుని, ఆఖరి కీర్తన అయిపోయేదాకా వదల్లేదు.

ఇంటికొచ్చాక సొరుగులోంచి ఆ ఫారం తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన సిగ్గుపడ్డాడు. మా డాడీ సిగ్గుపడటం నేను చూడటం అదే మొదలు. జేబులోంచి పెన్ను, కళ్లద్దాలు తీశాడు. కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, కిటికీ వెనక కూర్చున్నప్పటి గొంతుతో అడిగాడు.

“నీ డిసిషన్ క్యాన్సల్ చేస్కున్నవ్ గద. కారణం?”

నేను నవ్వుతూ జవాబు చెప్పబోయాను. నవ్వు రాలేదు.

“నువ్వు బాత్రూంల పాడుతలేవు, డాడీ.”

ఆయన పెన్ను మూత తీశాడు. తర్వాత స్కేలు అడిగి తీసుకుని, రద్దు అన్న మాట మీద నిదానంగా, తిన్నగా ఒక గీత గీశాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి నాకు పాట వినబడింది. ముందు సన్నగా, తర్వాత మెట్లెక్కి మా గదిలోకి వచ్చేంత గట్టిగా, శ్రుతి తప్పి. నిద్రమత్తులో, పాత అలవాటు కొద్దీ “డాడీ, జర మెల్లగ!” అని అరిచాను.

కింద పాట ఠక్కున ఆగిపోయింది.

నేను దుప్పటి తన్నేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల దాకా పరుగెత్తాను.

“లేదు లేదు, డాడీ! ఊకెనే అన్న! పాడు, గట్టిగ పాడు!”